మండల గ్రంథాలయంలో ఈ-పుస్తకాలు: ఎవరికి ఏది పనికొస్తుంది, డబ్బు దేనిమీద పెట్టాలి

నల్గొండ, పాలమూరు వైపు ఊళ్లలో ఈమధ్య తరచూ వినబడుతున్న మాట ఇది. పదో తరగతి పాత బ్యాచ్‌వాళ్లో, హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడ్డ ఊరివాళ్లో తలా ఇంత వేసుకుని, "మన లైబ్రరీని డిజిటల్ చేద్దాం" అంటారు. మంచి ఆలోచనే. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ట్యాబులు కొనాలా, ఈ-పుస్తకాలు చదవడానికే చేసిన కిండిల్ రీడర్లు కొనాలా, కంప్యూటరు పెట్టాలా, ఏదైనా యాప్‌కి చందా కట్టాలా, లేక ఆ డబ్బుతో మామూలు పుస్తకాలే తెస్తే నయమా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. ఎవరు చదువుతారో అడగకుండా కొన్న వస్తువులు బీరువాలో దుమ్ము పట్టి ఉంటే, ఇచ్చినవాళ్ల కష్టం గుర్తొచ్చి బాధేస్తుంది.

మండల గ్రంథాలయంలో సాయంత్రంపూట పాఠకులకు పుస్తకాలు వెతికిపెడుతూ గమనించిన మీదట నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తెలుగు చదివేవాళ్ల కోసమైతే మొదట ఉచితంగా దొరికే స్కాన్ పుస్తకాలు, వాటిని తెరవడానికి ఒక మంచి కంప్యూటరు, పక్కన కూర్చుని వెతికి చూపించే ఒక మనిషి కావాలి. చందాలూ రీడర్లూ ఆ తర్వాతే. కాగితం పుస్తకాలకని పెట్టుకున్న డబ్బును మాత్రం వీటిలో దేనికీ మళ్లించొద్దు.

ముందు ఎవరొస్తున్నారో చూడండి

పొద్దున పేపరు కోసం వచ్చే పెద్దవాళ్లు ఒక వర్గం. వాళ్లకు పేపరు చేతిలో ఉండాలి, నలుగురు కలవాలి. ఫోన్‌లో ఈ-పేపరు వస్తుంది కదా అని పేపర్ల చందా తగ్గించిన చోట వీళ్లు రావడం మానేస్తారు. వాళ్లు మానేస్తే సగం కుర్చీలు ఖాళీ.

రెండో వర్గం గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే పిల్లలు. ఇవాళ చాలా చిన్న గ్రంథాలయాలు నిలబడింది వీళ్లవల్లే. వీళ్లను ఈ-పుస్తకం కావాలా అని అడిగి చూడండి. బల్ల కావాలంటారు, ఫ్యాన్ కావాలంటారు, ప్లగ్గు కావాలంటారు, తెలుగు అకాడమీ పుస్తకాలు ఒక్కోటి నాలుగేసి కాపీలు కావాలంటారు. ఆ మాటలో అర్థముంది. పాలిటీ చదివే పిల్లవాడు ఒకేసారి మూడు పుస్తకాలు పరుచుకుంటాడు. రాజ్యాంగ సవరణ ఒకదాంట్లో, దానిమీద పాత ప్రశ్న ఇంకోదాంట్లో, తను రాసుకున్న నోట్సు మధ్యలో. ఫోన్‌లో ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. పైగా ఫోన్ చేతిలో ఉంటే మెసేజ్ వస్తుంది, పది నిమిషాలు పోతాయి. కాబట్టి వీళ్లకు కాగితమే పెట్టండి.

వీళ్లకోసం కంప్యూటర్లో ఉంచదగ్గవి కొన్ని ఉన్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు, రాష్ట్ర ఎస్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు పీడీఎఫ్‌లుగా అధికారికంగానే ఉచితం. టీజీపీఎస్సీ (తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్) పాత ప్రశ్నపత్రాలు, కీలు కమిషన్ వెబ్‌సైట్లోంచి దించుకోవచ్చు. ఇవి ఫోల్డర్లుగా సర్ది పెడితే ఎంతో మేలు. టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే కోచింగ్ మెటీరియల్, మార్కెట్లో అమ్ముతున్న పుస్తకాల దొంగ స్కాన్లు మాత్రం గ్రంథాలయం కంప్యూటర్లోకి రానివ్వకండి. పిల్లలు తమ ఫోన్లలో ఏం చూసుకుంటారో వాళ్లిష్టం. ప్రజల గ్రంథాలయం మాత్రం రాసినవాళ్ల హక్కును కాపాడాలి.

మూడో వర్గం సాహిత్యం, చరిత్ర, తమ ఊరి సంగతులు వెతుక్కునేవాళ్లు. తక్కువమందే. డిజిటల్ పుస్తకం వల్ల ఎక్కువ లాభపడేది వీళ్లే.

స్కాన్ పుస్తకాలు: మన దగ్గరున్న పెద్ద ఆస్తి

2000 తర్వాతి సంవత్సరాల్లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో దేశంలోని ఎన్నో గ్రంథాలయాల పాత పుస్తకాలను స్కాన్ చేశారు. వాటిలో తెలుగువి వేలల్లో ఉన్నాయి. ఆ తర్వాత ఆ సైటు ఆగిపోయింది. కానీ అందులోని పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే అమెరికా ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయానికి చేరాయి. 1930లలో అచ్చయి మళ్లీ ఎవరూ వేయని చిన్న పుస్తకం మునుగోడులోనో కల్వకుర్తిలోనో కూర్చుని ఇవాళ చదవగలుగుతున్నామంటే ఆ పని పుణ్యమే.

వెతకడంలోనే అసలు కిటుకుంది. తెలుగు అక్షరాల్లో పేరు కొడితే చాలాసార్లు ఏమీ రాదు. స్కాన్ చేసిన రోజుల్లో పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కించారు, అదీ ఎవరికి తోచినట్టు వాళ్లు. 'సాంఘిక' అనే మాటలో 'హెచ్' పెట్టినవాళ్లున్నారు, పెట్టనివాళ్లున్నారు. 'ఆ'కి ఒక 'ఏ' కొట్టినవాళ్లు, రెండు కొట్టినవాళ్లు ఉన్నారు. అందుకని పూర్తి పేరు కొట్టకుండా ఒకే మాట, అదీ తప్పు రాయడానికి వీల్లేని మాట కొట్టి, భాష తెలుగు అని ఎంచుకుని, వచ్చిన జాబితా ఓపికగా దిగుతూ పోవాలి. రచయిత ఇంటిపేరుతో ఒకసారి, అసలు పేరుతో ఇంకోసారి చూడాలి. ఈ పని మొదటిసారి వచ్చిన పాఠకుడి వల్ల కాదు. పక్కన ఒక మనిషి కావాలని నేను అంటున్నది ఇందుకే.

ఆర్కైవ్‌కి వెళ్లేముందు తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ పుస్తకాల సైటు చూడండి. అక్కడ పుస్తకాలు తక్కువ. కానీ ఉన్నవాటిలో చాలా పుస్తకాలు వాలంటీర్లు స్కాన్ పేజీ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసినవి. ఫోన్‌లో అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దది అవుతుంది, వరుస దానంతటదే సర్దుకుంటుంది, మాట పెట్టి వెతుక్కోవచ్చు. స్కాన్ పీడీఎఫ్‌లో ఇవేవీ కుదరవు. ఒకే పుస్తకం రెండుచోట్లా ఉంటే కళ్లు మూసుకుని వికీసోర్స్‌దే తీసుకోండి.

స్కాన్ పీడీఎఫ్‌ను ఫోన్‌లో చదవడం ఎంత కష్టమో దగ్గర కూర్చుని చూస్తేగానీ తెలియదు. మా దగ్గరికి వచ్చే ఒక రిటైర్డ్ తెలుగు సారు ఫోన్‌లో పేజీ మొత్తం కనబడేలా పెడితే అక్షరాలు ఆవగింజలంత. వేళ్లతో పెద్దది చేస్తే వరుసలో సగమే కనిపిస్తుంది. చదివి, పక్కకు జరిపి, మిగతా సగం చదివి, మళ్లీ ఎడమవైపుకి జరిపి కింది వరుస పట్టుకోవాలి. పసుపెక్కిన కాగితం మీద 'ద'కీ 'ధ'కీ తేడా చెరిగిపోయి ఉంటుంది, కింద వత్తు ఉందో మరకో తెలియదు. రెండు పేజీలకే ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టేస్తారు. అదే పేజీ కంప్యూటరు తెర మీద చూపిస్తే గంటసేపు కదలకుండా చదివారు.

అందుకే స్కాన్ పుస్తకాల కోసం తెర పెద్దదిగా ఉండాలి. కంప్యూటరు మొదటి ఎంపిక. అంత వీలుకాకపోతే పది అంగుళాల ట్యాబ్. ఫోన్ తప్పనిసరైతే అడ్డంగా తిప్పి చదవమనండి, వరుస మొత్తం కనబడుతుంది.

ఏది దించుకోవచ్చు, ఏది కూడదు అన్నదానికి లెక్క సులువు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయిన ఏడాది ముగిశాక ఇంకో 60 ఏళ్లు హక్కు వారసులకు ఉంటుంది. సురవరం ప్రతాపరెడ్డిగారు 1953లో పోయారు, 2014 నుంచి ఆయన రచనలు అందరివీ అయ్యాయి. నకిరేకల్ ప్రాంతం నుంచి వచ్చి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా అమ్మిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1961లో కన్నుమూశారు. 2022 జనవరి 1 నుంచి ఆయన రచనలు ఎవరైనా స్కాన్ చేసి పంచవచ్చు, అచ్చు వేయవచ్చు. నల్గొండ జిల్లాలో ఏ గ్రంథాలయం డిజిటల్ పని మొదలుపెట్టినా ఆళ్వారుస్వామి రచనలు మొదటి ఫోల్డర్ కావాలని నా కోరిక. శ్రీశ్రీ 1983లో, దాశరథి 1987లో పోయారు కాబట్టి వాళ్ల పుస్తకాలకు ఇంకా హక్కుదారులున్నారు. ఆర్కైవ్‌లో కనబడింది కదా అని అన్నీ స్వేచ్ఛగా వాడుకోదగ్గవి అనుకోవద్దు. హక్కు ముగియనివి కూడా ఆ స్కాన్లలో కలిసిపోయి ఉన్నాయి.

ఇంకోమాట, ఆన్‌లైన్లో ఉంది కదా అని వదిలేయకండి, దించి పెట్టుకోండి. 2024 అక్టోబర్లో ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద సైబర్ దాడి జరిగి కొన్నాళ్లు అసలు తెరుచుకోలేదు. అంతకు నెల ముందే అమెరికా ప్రచురణకర్తలు వేసిన కేసులో అప్పీలు కోర్టు తీర్పు దానికి వ్యతిరేకంగా వచ్చింది. ఆ కేసు వల్ల అరువు పద్ధతిలో ఇస్తున్న సుమారు 5 లక్షల పుస్తకాలను తీసేయాల్సి వచ్చింది. హక్కు ముగిసిన మన పాత పుస్తకాలకు ఆ తీర్పుతో సంబంధం లేదు. అయినా ఎక్కడో సముద్రం అవతలున్న ఒక్క సంస్థ మీద ఆధారపడటం మంచిది కాదు. స్కాన్ పుస్తకం ఒక్కోటి సగటున 50 ఎంబీ అనుకున్నా ఒక టీబీ హార్డ్ డిస్కులో 20 వేల పుస్తకాలు పడతాయి. రెండు డిస్కులు కొని ఒకటి గ్రంథాలయంలో, ఒకటి వేరేచోట ఉంచండి. నెట్ పోయినా చదువు ఆగదు. నల్లమల అంచున అమ్రాబాద్ వైపు సిగ్నల్ అందని ఊళ్లకు ఆ డిస్కే గ్రంథాలయం అవుతుంది.

కిండిల్ లాంటి రీడర్లు, చందా యాప్‌లు

ఇంగ్లిష్ ఎక్కువగా చదివే మనిషికి, తన సొంతానికి, కిండిల్ చాలా మంచి వస్తువు. కళ్లకు హాయి, బ్యాటరీ వారాల తరబడి వస్తుంది. మన గ్రంథాలయానికి మాత్రం నేను వద్దనే అంటాను.

2016 డిసెంబర్లో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి, తెలుగు రాలేదు. అప్పటినుంచి తెలుగు ప్రచురణకర్తలు ఆ దారికి అలవాటు పడనేలేదు. పోనీ స్కాన్లు అందులో వేసుకుందామంటే ఆరు అంగుళాల తెరమీద ఫోన్‌లో పడ్డ కష్టమే మళ్లీ, పేజీ తిరగడం ఇంకా నెమ్మది.

రెండో కారణం నాకు ఇంకా పెద్దదిగా అనిపిస్తుంది. అక్కడ మనం డబ్బిచ్చి తీసుకునేది పుస్తకం కాదు, చదువుకునే అనుమతి మాత్రమే. 2009లో ఒక ప్రచురణ వివాదం వచ్చి, జనం కొనుక్కున్న రెండు నవలలను అమెజాన్ కంపెనీ ఆ కొన్నవాళ్ల రీడర్లలోంచి దూరాన్నుంచే తొలగించింది. 2025 ఫిబ్రవరి చివర్లో, కొన్న పుస్తకం ఫైలును కంప్యూటర్లోకి దించుకుని కేబుల్‌తో ఎక్కించుకునే సదుపాయాన్ని తీసేసింది. ఒకరి ఖాతాతో కొన్నవాటిని గ్రంథాలయం పేరున పదిమందికి తిప్పడానికి నిబంధనలూ ఒప్పుకోవు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు "అక్కడ లైబ్రరీ కార్డుతో లిబ్బీ యాప్‌లో ఎన్ని పుస్తకాలైనా వస్తాయి, ఇక్కడెందుకు పెట్టరు?" అని అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. అక్కడ ఆ యాప్ వెనక గ్రంథాలయాలు ప్రతి పుస్తకానికీ ప్రచురణకర్తలకు డబ్బు కడతాయి. పాఠకుడికి ఉచితం, గ్రంథాలయానికి కాదు. 2011లో హార్పర్ కాలిన్స్ ఒక్కో ఈ-పుస్తకం 26 సార్లు అరువిచ్చాక మళ్లీ కొనాల్సిందే అని నియమం పెట్టింది. ఇంకొందరివి రెండేళ్లకు గడువు తీరిపోతాయి. అక్కడి పెద్ద నగరాల గ్రంథాలయాలే ఈ ఖర్చు మోయలేక ఇబ్బంది పడుతున్నాయి. మన మండల గ్రంథాలయం ఒకసారి కొన్న కాగితం పుస్తకం అట్ట ఊడితే బైండింగ్ చేయించుకుని ఇరవై ఏళ్లు తిరుగుతుంది. ఏటా కట్టే చందా, డబ్బిచ్చే దాత మనసు మారిన రోజున, ఏమీ మిగల్చకుండా పోతుంది. చందాలో తెలుగు పుస్తకాలు ఎన్ని ఉన్నాయో జాబితా అడగండి, అది చూశాక నిర్ణయం దానంతటదే తేలుతుంది.

కాలేజీ పిల్లలకు పరిశోధన పత్రికలు కావాలంటే దారి వేరే ఉంది. 2025 జనవరి నుంచి కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద 30 మంది ప్రచురణకర్తల సుమారు 13,000 జర్నళ్లను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి తెచ్చింది. నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ పిల్లలు తమ లైబ్రరీలోనే లాగిన్ అడగాలి. ఊరి గ్రంథాలయం దీనికోసం పైసా ఖర్చు పెట్టక్కర్లేదు.

చిన్నపిల్లలకు

ప్రథమ్ బుక్స్‌వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు బోలెడు. చదవడం వచ్చిన స్థాయిని బట్టి విడదీసి ఉంటాయి, దించుకోవచ్చు, అచ్చు తీసి పంచవచ్చు కూడా, లైసెన్సు అందుకు ఒప్పుకుంటుంది. నేషనల్ బుక్ ట్రస్ట్ నడిపే రాష్ట్రీయ ఈ-పుస్తకాలయ యాప్ కూడా పిల్లలకోసమే, ఉచితమే. రెండింట్లో మొదటిదే నాకు నచ్చింది, నెట్ లేకుండా వాడుకోవచ్చు కాబట్టి.

పాలమూరు వైపు దీనికి ఇంకో విలువ ఉంది. పనులకోసం ముంబైకో పుణెకో వెళ్లే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. దసరా దాటాక తల్లిదండ్రులతో వెళ్లిపోయే పిల్ల మళ్లీ ఎండాకాలానికి వస్తుంది. ఆ పిల్లకు గ్రంథాలయం పుస్తకం ఇచ్చి పంపలేం, తిరిగిరాదని లైబ్రేరియన్‌కి టెన్షన్. వెళ్లేముందు వాళ్ల అమ్మ ఫోన్‌లో నలభై యాభై కథలు ఎక్కించి పంపొచ్చు. అక్కడ బడి దొరికినా దొరకకపోయినా తెలుగు అక్షరం కంటి ముందు ఉంటుంది. డిజిటల్ చేయడం వల్ల కలిగే మేలు ఒక్కటే చెప్పమంటే నేను ఇదే చెబుతాను. దీనికి ఖర్చు లేదు, కావాల్సింది గుర్తుపెట్టుకుని పిలిచే మనిషి.

ఊళ్లోనే ఉండే పిల్లలకు మాత్రం అచ్చు పుస్తకమే చేతికివ్వండి. నలుగురూ ఒకే పుస్తకం మీద వంగి బొమ్మలు చూస్తూ చదివే చదువు ట్యాబ్‌లో రాదు.

చూపు లేనివాళ్లకు, చూపు మందగించినవాళ్లకు

ఈ వర్గాన్ని దాదాపు అందరూ మరిచిపోతారు. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం చూపు లేనివాళ్ల కోసం, అచ్చు చదవలేనివాళ్ల కోసం. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ వల్ల, హక్కు ముగియని పుస్తకాలను కూడా వాళ్లు చదవగలిగే రూపంలోకి మార్చి ఇవ్వవచ్చు. సభ్యత్వం ఇప్పించే పనిలో గ్రంథాలయం చేయిపట్టుకుని సాయం చేస్తే చాలు. వయసుతో చూపు తగ్గిన పెద్దవాళ్లకు తెలుగు ఆడియో పుస్తకాలు వినిపించే దాసుభాషితం లాంటి యాప్‌లు బాగుంటాయి. ఇవి వాళ్లవాళ్ల ఫోన్లో, ఇంట్లోవాళ్ల ఖర్చుతో పెట్టుకోవాల్సినవి. గ్రంథాలయం తరఫున రెండు మంచి హెడ్‌ఫోన్లు ఉంచితే వచ్చినవాళ్లు ఒకసారి విని చూసుకుంటారు.

చేతిలో లక్ష రూపాయలుంటే

సగం తీసి ముందే కాగితం పుస్తకాలకు పెట్టండి. జాబితా మీరు రాయకండి, పాఠకుల చేత రాయించండి. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి ఇద్దర్ని పంపితే మంచి తగ్గింపుతో వస్తాయి. కొత్త ముద్రణ దొరుకుతున్న పుస్తకాన్ని ప్రింటు తీసి పెట్టే ఆలోచన చేయకండి. జిరాక్సు షాపులో మూడొందల పేజీలకు అయ్యే ఖర్చుకే చాలాసార్లు కొత్తపుస్తకం వస్తుంది.

మిగతా సగంలో పెద్ద తెర ఉన్న ఒక కంప్యూటరు, కరెంటు పోతే ఆగకుండా ఒక యూపీఎస్, రెండు హార్డ్ డిస్కులు. ఇంకా మిగిలితే పది అంగుళాల ట్యాబ్ ఒకటి, గ్రంథాలయంలోనే కూర్చుని చదవడానికి. ఐదు ట్యాబులు కొనడం కన్నా ఒక కంప్యూటరు మేలని ఎందుకంటున్నానంటే, ట్యాబ్ బ్యాటరీ మూడు నాలుగేళ్లకు నీరసిస్తుంది, తెర పగిలితే బాగుచేయించే ఖర్చు గ్రంథాలయం పద్దులో ఎక్కడా ఉండదు. కంప్యూటరైతే పట్టణంలో ఎవరో ఒకరు బాగుచేస్తారు.

పుస్తకాల జాబితా కోసం పెద్ద సాఫ్ట్‌వేర్ల జోలికి వెంటనే పోవద్దు. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీవాళ్ల ఈ-గ్రంథాలయ, ఎవరైనా ఉచితంగా వాడుకోగల కోహా రెండూ మంచివే. కానీ కొన్నివేల పుస్తకాలున్న చోట ముందు పేరు, రచయిత, నంబరు, ఏ బీరువా అనే నాలుగు గడులతో ఎక్సెల్ షీటు తయారుచేస్తే చాలు. తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌కి మారినా ఆ షీటే పనికొస్తుంది. పుస్తకం ఉందో లేదో ఫోన్ చేసి అడిగి, ఉంటేనే పక్క ఊరినుంచి బస్సెక్కి వచ్చే వీలు దాంతోనే కలుగుతుంది.

పేపర్ల చందా, కుర్చీలు, కరెంటు బిల్లు ఇవి దాతల డబ్బుతో కట్టకండి. మనం కట్టే ఇంటి పన్నుమీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతుంది. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాల్సిన సొమ్ము. వీటికి అక్కడే రాతపూర్వకంగా అడగాలి, మున్సిపాలిటీ గానీ పంచాయతీ గానీ ఆ సెస్సు జమ చేసిందో లేదో కూడా అడగాలి. దాతల డబ్బు వచ్చిందని తెలిస్తే మామూలు నిధులు ఆలస్యమయ్యే ప్రమాదం ఉంటుంది కాబట్టి రెండు లెక్కలూ వేరువేరు పుస్తకాల్లో రాయండి.

కొనేముందు ఇంకొకటి తేల్చుకోవాలి. చాలా శాఖా గ్రంథాలయాలు పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలే తెరిచి ఉంటాయి, ఉండేది ఒక్కరే ఉద్యోగి. పుస్తకాలు ఇచ్చిపుచ్చుకుంటూ కంప్యూటరు దగ్గర కూడా కూర్చోవడం ఆ ఒక్కరి వల్ల కాదు. డిగ్రీ చదివే ఇద్దరు ముగ్గురు పిల్లలతో మాట్లాడి, వంతులవారీగా సాయంత్రం ఒక గంట కూర్చునేలా ఒప్పించండి. వాళ్లకు ఆర్కైవ్‌లో వెతకడం, హక్కు ముగిసిందో లేదో చూడటం, హార్డ్ డిస్కులో పేర్లు తెలుగులో సరిగా రాసి పెట్టడం నేర్పండి. వాళ్లు కుదిరాకే కంప్యూటరుకు ఆర్డర్ ఇవ్వండి.